మహారాణి అమ్మిపెట్టిన బాండ్లు

పగలు టైలర్ షాపులో జాకెట్లు కుట్టే ఆవిడను ఊరంతా మహారాణి అంటారు. నాటకాల్లో ఎప్పుడూ రాణి వేషమే మరి! ఆవిడ ట్రూపుకు ఇన్నాళ్లూ వేదిక కూరగాయల మార్కెట్ వెనక ఆగిన లారీయే. వాన పడితే ఆ రోజుకు నాటకం సరి.

అలాంటి ఊళ్లో పైకప్పున్న రంగస్థలం కడతామని, అందుకు బాండ్లు అమ్ముతామని ప్రభుత్వం ప్రకటించింది. సామాన్యులు కొనుక్కుంటే ఏటా వడ్డీ వస్తుందట. ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది అధికారులకు మహారాణి!

"మీరు చెబితే జనం వింటారమ్మా, ఒక చిన్న నాటిక వెయ్యండి" అని బతిమాలారు. మనకూ ఒక వేదిక వస్తుందన్న ఆశతో ఆవిడ గొంతు పోయేదాకా వీధివీధినా ఆడింది. నాటకం సంగతికన్నా వడ్డీ సంగతికే ఈలలు ఎక్కువ పడుతున్నాయని గమనించి, దాన్నే సాగదీసి చెప్పింది. బాండ్లు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. ఆవిడ ఒకటి కొంది. ఆవిడ వదినైతే తన గాజులమ్మి మరీ కొంది.

రంగస్థలం లేచింది. తేదీ అడగడానికి వెళ్తే మేనేజరు చెప్పిన అద్దెకు ఆవిడ కళ్లు తిరిగాయి. పెద్ద పెద్ద కంపెనీల సంగీత విభావరులకే గిట్టే అద్దె అది.

"మీ బాండ్లకు వడ్డీ ఈ అద్దెల్లోంచే కదమ్మా కట్టాలి. తగ్గించాలంటే బాండ్లున్నవాళ్లు ఒప్పుకోవాలి" అన్నాడతను, తన చేతిలో ఏమీ లేనట్టు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. పని చేయించుకునేటప్పుడు ఈ ముక్క ఒక్కడి నోటా రాలేదే!

బాండ్లున్నవాళ్ల సమావేశం ఆ రంగస్థలంలోనే పెట్టారు. మహారాణిని వేదిక ఎక్కించి మాట్లాడమన్నారు.

"నెలకు ఒక్క సాయంత్రం మన ఊరి ట్రూపులకు తక్కువ అద్దెకివ్వండి. అంతకన్నా ఏమీ అడగను" అంది.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు మేనేజరు. ఆవిడకూ బాండుంది కాబట్టి తన చెయ్యి ఎత్తింది. కింద ఒక్కరు కదిలితే ఒట్టు! కళ్లు తుడుచుకుంటూ తన నాటకాలు చూసినవాళ్లే, ఇప్పుడు పక్కచూపులు చూస్తున్నారు. ముందు వరసలో వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వూనా వదినా?"

"వడ్డీకి ఢోకా లేదని నువ్వే కదమ్మా చెప్పావు! గాజులమ్ముకున్నాను, నేనేం చెయ్యను?" అంది వదిన. "ఇక ఆ చెయ్యి దించు తల్లీ, అందరూ చూస్తున్నారు."

మహారాణికి ఒళ్లు మండిపోయింది. చెయ్యి ఇంకాస్త పైకెత్తింది.

"చూడనీ వదినా. ఈ స్టేజీ మీద వాళ్లు నన్ను చూసేది ఇదొక్కసారే."