వరహాలరావు బైనాక్యులర్‌కి సాంబ్రాణి

ఉప్పు లేని చోట రోజూ ఉప్పు కడిగే మనిషి మా రేవులో ఒకడున్నాడు. పేరు వరహాలరావు.

అరకు దాటాక కొండల నడుమ ఉన్న జలాశయంలో మా బోట్ల సంఘం పర్యాటకులను తిప్పుతుంది. టికెట్లు చింపేది నేను. ఎవరేం చేస్తున్నారో కనిపెట్టడం నా రెండో ఉద్యోగం. దానికి జీతమూ లేదు, సెలవూ లేదు.

వరహాలరావుది భీమిలి వైపు. మరబోటు మీద వలలు లాగీ లాగీ కుడి భుజం పోగొట్టుకుని భార్య ఊరికి వచ్చేశాడు. తెడ్డు వెయ్యలేడు. అయినా అతని మెడలో వేలాడే బైనాక్యులర్ కోసం సంఘం అతన్ని ఉంచుకుంది. దూరపు మలుపులో వాన దిగుతుంటే గట్టు మీంచి ముందే చూసి ఈల వేస్తాడు. బోట్లన్నీ వెనక్కి తిరుగుతాయి. అతను తినే కూడు ఆ అద్దాలు పెడుతున్నదే.

మరబోటు నడిపే సరంగు ఆ బైనాక్యులర్ ఇస్తూ, సాయంత్రం మంచినీళ్లతో కడక్కపోతే ఉప్పు తినేస్తుందని చెప్పాడట. సముద్రం వదిలి కొండెక్కినా ఆ అలవాటు మాత్రం వరహాలరావును వదల్లేదు. పొద్దు వాలగానే చెంబుతో నీళ్లు తెచ్చుకుని దానికి స్నానం చేయిస్తాడు. మా బోటువాళ్లకు అదే సినిమా.

"మావా, సంటిగుంటకి నీలు పోసేత్తన్నావా?" అంటాడు ధర్మ. కొండ మీది ఊరివాడు, మా అందరిలో చురుకైన బోటువాడు.

"నలుగు కూడా ఎట్టు మావా," అంటుంది బేబి, బోటు కట్టేస్తూ. "ఆనక సాంబ్రాణి ఎయ్యి. లేపోతే జలుబు సేసేత్తాది."

"నవ్వండర్రా, నవ్వండి. సముద్రం సూసినోడికి తెలుస్తాది దీని ఇలవ," అని అతను తుడుచుకుంటూ ఉంటాడు.

నాకు మాత్రం ఒకటే దురద. అందులోంచి ఏం కనిపిస్తుంది? ఎన్నిసార్లు అడిగినా ఇవ్వడు. పిసినారి అనుకున్నాను.

ఈ వానాకాలం ఒక మధ్యాహ్నం దూరాన ఓ బోటు మలుపు తిరిగింది. "అందులో ఎవులు మావా?" అని ధర్మ ఊరికే అడిగాడు.

వరహాలరావు చాలాసేపు చూశాడు. "మొగుడూ పెల్లాలు. కొత్తగా పెల్లయినట్టుంది. ఆవిడ తలొంచుకునుంది."

బోటు వచ్చింది. అందులో బేబి, ఆమె ఎదురుగా ఓ అల్లం బస్తా.

"ఇద్దరిలో ఎవులు మావా తలొంచుకున్నది?" అంది బేబి. రేవంతా పగలబడి నవ్వింది. వరహాలరావు నవ్వలేదు. అద్దాలు తుడిచి తుడిచి మళ్లీ చూస్తుంటే నేను చెయ్యి చాపాను. మొదటిసారి ఇచ్చాడు. కళ్లకు ఆనించుకుంటే తెల్లటి మంచు. జలాశయం మీద కాదు, అద్దాల లోపల.

"ఆసాడం నుంచీ ఇంతేనమ్మా. పోనాదని తెలిస్తే నన్నుంచుతారేటి?"

జాలి వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. "మరి బోట్లలో ఉన్నవాళ్ల గతేంటి? ఈల ఎలా వేశావు?"

"బయమేసినప్పుడల్లా ఊదీసినాను."

పట్టపగలు ఎండలో కూడా బోట్లను వెనక్కి పిలిచింది అందుకన్నమాట!

ధర్మ బైనాక్యులర్ తిప్పి చూశాడు. కళ్లు ఆనించేచోట రబ్బరు పట్టీ పాతబడి పగిలింది. రోజూ పోసిన నీళ్లు కొంచెం కొంచెంగా ఆ పగులులోంచే లోపలికి దిగాయి. ధర్మ ఏ జోకు వేస్తాడోనని భయపడ్డాను.

"సెమ్మెక్కింది మావా. మా యిత్తనాలకీ వస్తాదిది," అని తువ్వాలులో చుట్టి ఇంటికి పట్టుకెళ్లాడు.

ధర్మ తల్లి రాజులమ్మ చోడి, అదే రాగి, విత్తనాల బుట్టను వానాకాలమంతా పొయ్యి మీది అటక మీద పెడుతుంది. ఆ వెచ్చదనానికి చెమ్మ చేరదు. బైనాక్యులర్‌ను గుడ్డలో కట్టి ఆ విత్తనాల మధ్యే ఉంచింది. అన్నాళ్లూ వరహాలరావు ఖాళీ మెడతో గట్టు మీద కూర్చున్నాడు. ఈల కూడా వెయ్యలేదు. సంఘం ఏమీ అనలేదు గానీ, అతనే ఎవరి ముఖమూ చూడలేదు.

వానలు తగ్గాక ధర్మ దాన్ని తెచ్చాడు. ఒకటే పొగ వాసన. ఓ మూల చిన్న మచ్చ మిగిలింది. వరహాలరావు అవతలి గట్టుకేసి తిప్పాడు.

"మేక," అన్నాడు మెల్లగా. "గెడ్డం కూడా ఉంది."

నేను లాక్కుని చూశాను. ఉంది.

"సాంబ్రాణి ఎయ్యమని ముందే సెప్పినాం కదేటి," అంది బేబి.

పొద్దు వాలింది. అతను అలవాటు కొద్దీ కుండలో చెంబు ముంచాడు. ఎవరూ నవ్వలేదు. చెంబు బైనాక్యులర్ దాకా తెచ్చి ఆపి, ఆ నీళ్లు తనే గటగటా తాగేశాడు. తర్వాత, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ బైనాక్యులర్‌ను మెడలోంచి తీసి ధర్మ మెడలో వేశాడు.

"రాజులమ్మప్పకిచ్చి అటక మీదెట్టమను అల్లుడూ," అన్నాడు. "పొద్దున్నే బేగి తెచ్చీ."