డ్రైవరు సీటు మీద దిండు

2019 ఆగస్టు, నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులు. మచిలీపట్నంలో, అదే మా బందరులో, మోటారు సర్వేయరుగా నాకది ఇరవై ఎనిమిదో ఏడు. సర్వేయరంటే పొలాలు కొలిచేవాడు కాదు. ప్రమాదంలో దెబ్బతిన్న బండిని చూసి, ఏం జరిగిందో, నష్టమెంతో ఇన్సూరెన్సు కంపెనీకి రాసిచ్చేవాడు. కంపెనీ జీతగాడు కాదు, బండి యజమాని మనిషీ కాదు. అందుకే ఇద్దరికీ మా మీద అనుమానమే.

ఆ ఉదయం నాకు అప్పగించిన కేసు నాగాయలంక దగ్గరి పల్లెది. చల్లపల్లి దాటాక ఒక మలుపులో కొత్త కారు, పొలాలకు నీళ్లు పారే పంటబోదెలోకి దిగింది. మనుషులకు దెబ్బలు తగల్లేదు గానీ బంపరు, రేడియేటరు నుజ్జయ్యాయి. కారును క్రేనుతో లేపి బందరులోని వర్క్‌షాపుకు చేర్చారు.

యజమాని నాగేశ్వరరావు ఆరడుగుల మనిషి. కువైట్‌లో ఏసీ మెకానిక్‌గా పదేళ్లు చేసి వచ్చాడు. భార్య మారిసెల్‌ది ఫిలిప్పీన్స్. కువైట్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. పెళ్లయ్యాక ఇద్దరూ ఇక్కడికి వచ్చి ఆరు నెలలు కాలేదు. అతని తల్లి నాంచారమ్మకు వారానికి మూడుసార్లు బందరులో డయాలసిస్. బస్సులో వెళ్లొస్తే ఆవిడ రెండో రోజు దాకా లేవలేకపోయేది. అది చూడలేక మారిసెల్ తాను దాచుకున్నదంతా పెట్టి ఈ కారు కొనిపించింది. ఆమె చిరునామా పత్రాలు ఇంకా పూర్తికాక, కారూ పాలసీ రెండూ భర్త పేరున తీసుకున్నారు.

క్లెయిము ఫారంలో ‘ప్రమాద సమయంలో నడిపినవారు’ అన్న చోట నాగేశ్వరరావు తన పేరే రాశాడు. “నేనే నడిపానండి. గేదె అడ్డొచ్చింది,” అన్నాడు. నా సర్వీసులో ఫారాల్లో అడ్డొచ్చినన్ని గేదెలు కృష్ణా జిల్లా మొత్తం వెతికినా ఉండవు.

కారు తలుపు తీశాను. డ్రైవరు సీటు పూర్తిగా ముందుకు జరిపి ఉంది, దాని మీద ఓ దిండు. ఆ సీట్లో నాగేశ్వరరావు మోకాళ్లు పట్టవు. లైసెన్సు అడిగాను. తెచ్చి ఇచ్చాడు. అది మోటారు సైకిలుకు మాత్రమే.

మా వైపు ఇదొక అలవాటు. బండి నడిపినవాళ్ల పేరు కాక, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు రాసేస్తారు. నిజానికి యజమాని అనుమతితో లైసెన్సున్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. “మీరే నడిపారని నేను రాస్తే క్లెయిము పోయినట్టేనండీ,” అన్నాను. అతని మొహం పాలిపోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు.

అసలు సంగతి చెప్పింది, వర్క్‌షాపు బల్ల మీద కోడలి పక్కన కూర్చున్న నాంచారమ్మ. “నడిపింది నా కోడలేనండి. ఎదర లారీ వస్తే కువైట్‌లో లాగా కుడిపక్కకి తిప్పేసింది. పైదేశం పిల్ల కారు బోదెలో పడేసిందని ఊళ్లో నలుగురూ నవ్వుతారని వీడు తన మీదేసుకున్నాడు. నవ్వితే నవ్వనివ్వండి. నన్ను బతికిస్తోంది ఆ నలుగురూ కాదు గదండీ!”

మారిసెల్‌కు ఆ మాటలన్నీ అర్థమయ్యాయో లేదో. సంచిలోంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసి నాకిచ్చింది. ఏడాది చెల్లుబాటు, ఇంకా గడువుంది. “నేను నడిపాను అండి. గేదె లేదు,” అంది. ఆ ముగ్గురికీ ఎలాగైనా క్లెయిము రావాలనిపించింది. అయినా కాగితం పని కాగితం పనే.

మొదటి ఫారం చించమని అతను బతిమాలాడు. కుదరదన్నాను. మొదట చెప్పింది తప్పని వేరే ఉత్తరం రాయించి, రెండూ రిపోర్టుకు జతచేశాను. ఫారంలో అబద్ధం రాశాడు గనుక కంపెనీ తిరస్కరించవచ్చని కూడా చెప్పాను. కంపెనీ జవాబు రావడానికి పట్టిన పన్నెండు రోజులూ నాంచారమ్మ మళ్లీ బస్సులోనే వెళ్లొచ్చింది. సర్వే ముగియకముందే తప్పు దిద్దుకున్నారని కంపెనీ క్లెయిము మంజూరు చేసింది.

బండి తీసుకునే రోజు నేనూ వర్క్‌షాపులో ఉన్నాను. దిండు మళ్లీ సీటెక్కింది. ఎప్పుడూ వెనక కూర్చునే నాంచారమ్మ ఈసారి కోడలి పక్కన ముందు సీట్లో కూర్చుంది. “లారీ కనపడ్డప్పుడల్లా ‘అన్నం తినని చేతి వైపు’ అంటానండి. దానికి ఇట్టే తెలుస్తుంది,” అంది. మారిసెల్ నవ్వి, కారును రోడ్డుకు ఎడమ అంచున జాగ్రత్తగా పోనిచ్చింది.

నేను నేర్చుకున్నది చిన్న విషయం. ఆ తర్వాత పనిచేసినంత కాలం ఎవరు నడిపారని వెంటనే అడగలేదు. లైసెన్సున్న ఎవరు నడిపినా చెల్లుతుందని ముందు చెప్పి, తర్వాత ఫారం చేతికిచ్చేవాణ్ణి. అప్పట్నుంచి నా ఫారాల్లో గేదెలు తగ్గాయి.