రీడింగ్ రూములో చిరిగిన పేజీ

ఆ పేపరు చించింది నేనేనని ఆ రోజు చెప్పలేదు.

ఎనభైల్లో, నేను కాలేజీలో ఉండగా, కామాటిపురలో, మేముండే చాల్ అనే ఇరుకు గదుల బిల్డింగు కింద, వలసొచ్చిన తెలుగువాళ్ల రీడింగ్ రూము ఉండేది. క్యారమ్ బోర్డు, ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు. పాలమూరు నుంచి సిమెంటు పనికి కూలికొచ్చిన బాలయ్య మామ రోజూ పేపరు తిరగేసేవాడు. ఆయనకు చదువు రాదని నాకొక్కడికే తెలుసు. వాళ్ల ఊరివైపు వానల వార్తలు నాతో మెల్లగా చదివించుకునేవాడు.

ఒకరోజు సినిమా బొమ్మ కోసం నేను పేజీ చించాను. మిగతా పేజీల మీద సిమెంటు వేళ్ల గుర్తులు చూసి పెద్దలు మామనే పట్టుకున్నారు.

"నిన్నగాక మొన్నొచ్చి మా పేపరే చింపుతవా? రేపట్నుంచి ఈడికి రాకు!"

మామ నావైపు చూశాడు. నేను తల వంచుకుని క్యారమ్ స్ట్రైకర్ సర్దుకున్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను వెతకలేదు.

చాలా ఏళ్లకు వర్లిలో ఒక చాల్‌లో, మంచం పట్టి కనిపించాడు.

"మామా, ఆ పేజీ చించింది నేనే."

"నాకెరుకే పిలగా. నువ్వొచ్చి వానల ముచ్చట చెప్తవేమోనని, శాన దినాలు గల్లీ మూల మీద నిలవడ్డ."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. "తప్పయింది మామా" అన్నాను.