నేల తొక్కినోళ్లే చెక్క ఏరాల

పాకాల బస్టాండు పక్కన పంచరు అంగడి ఉంది. ట్యూబుకు అతుకు వేసేటప్పుడు లేచే కాలిన రబ్బరు వాసన నా కుట్టుమిషను దాకా వస్తుంది. మొన్న ఆ వాసన వెనకాలే మా ఊరి పిల్ల సుజాత వచ్చింది. సరళ మేడం పోయాక మూలన పడిన చక్రాల చెక్కలు రెండింటికీ టైర్లు బాగుచేయించి, రెండు చేతుల్లో పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, రేపు చెరువులోకి ఏది తీసుకొని పొయ్యేది?" అని అడిగింది. మూడేళ్లుగా నేను ఆ మాటకే భయపడుతూ బతికాను.

సరళ మేడం హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. చెన్నై సముద్రపొడ్డున ఎవరో ఆడుతుంటే చూసి, ఆ ఆటను మా ఎండిన చెరువులోకి తెచ్చారు. మనిషి నిలబడేంత చెక్క, కింద నాలుగు చక్రాలు, పైన పాదాలను బిగించే పట్టీలు. చేతిలో ఇంటి పందిరంత గుడ్డ గాలిపటం తాళ్లు. గాలి లాగితే చెక్క నేల మీద పరుగెడుతుంది. మేకలు మేపుకునే ముసలాయన ఒకడు రోజూ నిలబడి చూసేవాడు. "ఏం మేడమ్మా, బండికి ఎద్దులు దొరకలేదా?" అన్నాడొకసారి. "పైన కట్టినా సూడు పెద్దాయనా. గడ్డి గూడా అడగవు," అన్నారు ఆమె.

తుమ్మముళ్లకు చిరిగిన గాలిపటాన్ని నా దగ్గరికి మొదటిసారి తెచ్చినప్పుడు నాకు నలభై ఆరేళ్లు. రవికలు కుట్టడం తప్ప అక్షరం ముక్క రాదు. ఆమె ఒక్కో గుడ్డ అంచున సుద్దతో ఒక అక్షరం రాసి, "ఈ అంచులో ఉండేది ఆ అంచులో గూడా ఉంటేనే కుట్టు," అన్నారు.

"నాకు సదువు రాదు మేడం."

"సదవమని ఎవరన్నారు? సూసి జత చెయ్యి."

అలా జత చేస్తూ చేస్తూ ఏడాదికి బస్సుల మీది ఊరి పేర్లు చదివాను. ఆ తర్వాత తన నోటుపుస్తకం నాకు చదవడానికి ఇచ్చేవారు. చెక్క ఎక్కే ముందు ఆమె అందులో ఆ రోజు గాలి సంగతి, నేల సంగతి, ఏ చెక్కో రాసేవారు. మరునాడు నేను దాన్ని పైకి చదవాలి. అదే నా బడి.

ఆమె దగ్గరున్న రెండు చెక్కల్లో ఒకటి పొడుగ్గా, బరువుగా, లావు గాలి టైర్లతో ఉండేది. మెత్తని నేలలోనూ దిగబడదు గానీ నిదానం. రెండోది పొట్టిది, సన్న చక్రాలది. గట్టి నేల దొరికితే దాన్ని పట్టేవాళ్లు లేరు. కొత్తగా వచ్చిన పిల్లలు దాని ఎర్రరంగు చూసి ఎగబడేవాళ్లు. "మీకు నచ్చింది కాదు, నేలకు నచ్చింది తీసుకోవాల," అనేవారు మేడం. ఎక్కే మనిషి కళ్లు వేగం మీద ఉంటాయి కాబట్టి చెక్క ఏరే పని ఆ మనిషికి ఇవ్వకూడదన్నది ఆమె నియమం. ఇంకొకరు పొద్దున్నే చెరువంతా వట్టికాళ్లతో నడిచి వచ్చి, చెక్కను చేతికివ్వాలి. "నేల తొక్కినోళ్లే చెక్క ఏరాల. ఎక్కేవాళ్లు ఎదురు సెప్పగూడదు." రెండేళ్లు ఆ నడక నాదే.

మూడేళ్ల కిందట ఒక వారం వాన పడి వెలిసింది. నాలుగు రోజుల ఎండకు చెరువు పైన పెచ్చు కట్టింది. నా మడమలో ముల్లు విరిగి చీము పట్టింది. చెప్పులు వేసుకునే నడిచాను. చెప్పు కింద నేల గట్టిగానే తగిలింది. వట్టికాలైతే అడుగున ఉన్న తడి చల్లగా తెలిసేది. పైగా ఆ రోజు సుజాత, ఆమెతోటి పిల్లలు మొదటిసారి చూడడానికి వచ్చారు. మా మేడం ఎంత జోరుగా పోతారో వాళ్లు చూడాలని నాకు ఆశ. పొట్టి చెక్క ఇచ్చాను. ఆమె నావైపు ఒకసారి చూసి, పుస్తకంలో రాసుకుని, పట్టీలు బిగించుకున్నారు. చెరువు నడుమ ముందు చక్రాలు పెచ్చును చీల్చుకుని దిగబడ్డాయి. చెక్క ఆగింది. గాలిపటం ఆగలేదు.

మెడ కింద ఏదీ కదలక మేడం తిరుపతి ఆసుపత్రిలో ఐదు నెలలు ఉన్నారు. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే అడిగారు.

"రెడ్డెమ్మా, ఆ పొద్దు వట్టికాళ్లతోనే నడిచినావా?"

"అవును మేడం."

"సరే. గంజిలో ఉప్పు తక్కువైంది," అన్నారు. మళ్లీ అడగలేదు. చలికాలం మొదట్లో పోయారు.

దినాలయ్యాక ఆమె తమ్ముడు గాలిపటం గుడ్డలతో పాటు నోటుపుస్తకం పంపాడు. అందులో చివరి పేజీ నేను ఎన్నడూ పైకి చదవనిది. "పడమటి గాలి, జోరు. నేల పెచ్చు. రెడ్డెమ్మ కాలికి ముల్లు, చెప్పులతో నడిచింది. పొట్టి చెక్క." తెలిసే ఎక్కారు. తన నియమం తానే తప్పకూడదనుకున్నారో, పిల్లల ముందు నా మాట తీసెయ్యడం ఇష్టం లేకపోయిందో నాకు తెలియదు. ఆసుపత్రిలో అడిగిన నాటికి జవాబు ఆమె దగ్గర ఉంది. నోరు విప్పమని నాకొక దారి ఇచ్చారు. నేను ఆ దారిన పోలేదు.

సుజాతకు "రేప్పొద్దున సెప్తా," అన్నాను. నిన్న తెల్లవారాక చెరువు గట్టున చెప్పులు విడిచి దిగాను. నడుమకు పోయేసరికి అరికాలికి చల్లగా తగిలింది. లావు చక్రాల చెక్క ఇస్తే ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"ఇది నిదానం గదా పెద్దమ్మా."

"ఎక్కే ముందు ఇది పైకి సదువు," అని నోటుపుస్తకం చివరి పేజీ తీసి చేతిలో పెట్టాను.

చదివింది. నా పేరు దగ్గర గొంతు తగ్గింది. మళ్లీ మొదటినుంచి చదవమన్నాను. రెండోసారి పూర్తిగా చదివి, పుస్తకం మూసి, నా కాళ్లకేసి చూసింది. పొద్దున గుచ్చుకున్న ముళ్లు ఇంకా తీయలేదు.