మందుల షాపు నుంచి స్కాట్లాండు దాకా

ఇవాళ పొద్దున నడకకని మాల్‌లో అడుగు పెట్టేసరికి మధ్య హాల్లో ఫౌంటెన్ చుట్టూ చెక్కలు కొట్టి ఉన్నాయి, నీళ్ల చప్పుడు లేదు. ఏళ్ల తరబడి ఆ చప్పుడు వింటూ నడిచినదాన్ని కాబట్టి, అది లేకపోయేసరికి ఇంట్లో గడియారం ఆగిపోయినట్టనిపించి అక్కడే నిలబడిపోయాను. అక్కడ నేల తుడిచే జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడే, చేతిలో కర్ర గోడకానించి దగ్గరికొచ్చాడు. "నీళ్లన్నీ నిన్ననే ఇడిచిన్రమ్మా. ఫౌంటెన్ ఖలాస్. ఈడ కాఫీ దుకాణం వెడ్తరట," అని చెప్పి, "పెద్దమ్మ ఉంటే లొల్లి వెడుతుండె," అన్నాడు.

పెద్దమ్మ అని అతను అనేది మా తోటికోడల్ని. మా ఆయనకు అన్నగారి భార్య. నేను ఆపా, అంటే అక్కా అని పిలిచేదాన్ని. మాది నెల్లూరు వైపు. అన్నదమ్ములిద్దరూ ముసఫ్ఫా వర్క్‌షాపుల్లో పనికి కుదిరాక, వాళ్ల వెనకే ముప్ఫై ఏళ్ల కిందట మేమిద్దరం ఒకే విమానంలో ఈ అరబ్బు దేశం వచ్చాం. ఆ తర్వాత మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాను గోడలు పెట్టి పంచితే అందులో రెండు భాగాలు మావి, వంటిల్లు మాత్రం ఉమ్మడి. బావగారు పోయాక కూడా ఆపా అక్కడే ఉంది. ఒక బడిలో పిల్లలకు దెబ్బలు తగిలితే మందు రాసి కట్టు కట్టే నర్సు ఉద్యోగం ఆమెది. నాది ఇంట్లో కుట్టుమిషను.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, మనకు సెలవంటే ఊరు. రెండేళ్లకోసారి అట్టపెట్టెలు తాళ్లతో బిగించుకుని ఊరెళ్లడం, అందరికీ అన్నీ పంచి ఖాళీ పెట్టెలతో తిరిగి రావడం, ఇంతే కదా మనం చేసిన ప్రయాణాలు. చూడటానికని ఒక దేశం వెళ్లడం మన ఇళ్లలో ఎవరికీ తోచని సంగతి. అలాంటిది ఆపా ఒకరోజు కూర తాలింపు పెడుతూ పెడుతూ, ఉద్యోగం మానేశాక ఐర్లాండు, స్కాట్లాండు చూడాలని ఉందనీ, అదీ ఆకులు రాలే కాలంలోననీ అంటే, మా ఆయన తింటున్న ముద్ద నోట్లోనే పెట్టుకుని నవ్వాడు. ఆపా నవ్వలేదు.

దానికి కారణం ఒక ఆకు. వాళ్ల బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఐర్లాండు మనిషి. ఆవిడ ఏటా ఊరికెళ్లి వచ్చేటప్పుడు పుస్తకంలో అదిమిన ఒక ఆకు తెచ్చి ఆపా చేతిలో పెట్టేదట. కుంకుమ రంగుది ఒక ఏడు, పసుపు రంగుది ఒక ఏడు. ఆపా వాటిని మందుల బల్ల అద్దం కింద దాచేది. మనవైపు ఆకులు రాలేది చలి వెనకబట్టాక, అప్పుడవి ఎండిపోయి రాలతాయి తప్ప ఎర్రబడి రాలవు. ఇక ఈ ఎడారిలో ఆకు రాలిందంటే మున్సిపాలిటీవాళ్ల నీటి గొట్టం పగిలిందని అర్థం. చావబోయే ముందు ఆకు అంత అందంగా ఎందుకవుతుందో అక్కడికే వెళ్లి చూడాలని ఆపా పట్టుదల.

ఆ కోరిక కాగితం మీదకు ఎక్కింది కరోనా ఏడాదిలో. బళ్లు మూశారు, వీధుల్లో నరపురుగు లేదు, రాత్రి మందు చల్లే వాళ్లు తిరుగుతున్నారని బయటికి రావద్దని ఫోన్లలో హెచ్చరికలు. ఒక్కొక్కరి కబురూ వినలేక చస్తున్న ఆ రోజుల్లో ఆపా మా పెద్దబ్బాయి పాత ట్యాబ్ తీసుకుని, పొడుగాటి రూళ్ల నోటుబుక్కు ముందు పెట్టుకుని, ఇరవై ఒక్క రోజుల ప్రయాణం రాయడం మొదలుపెట్టింది. డబ్లిన్‌లో మూడు రోజులు. అక్కడినుంచి రైల్లో గాల్వే. సముద్రం మీదికి వంగిన కొండచరియలు. పైకెళ్లి బెల్‌ఫాస్ట్. అక్కడినుంచి పడవలో స్కాట్లాండు. ఎడిన్‌బరో, ఆపైన ఇన్వర్నెస్, కొండలు, సరస్సులు. ఇక్కడ ఏసీ నీళ్లు కారి గోడ తడుస్తుంటే, "ఇయ్యాల ఇన్వర్నెస్‌లో వానంట మే," అని దిగులుగా చెప్పేది, అక్కడ మన బట్టలు ఆరేసి వచ్చినట్టు. నేను నవ్వేదాన్ని గానీ, ఆ నోటుబుక్కు లేకపోతే మేమిద్దరం ఆ ఏడాది గట్టెక్కేవాళ్లం కాదేమో.

మాల్ తెరిచాక నడక మొదలైంది. ఆ ప్రయాణంలో రోజుకు అంత దూరం నడవాలంటే ఆపా ఎడమ మోకాలు ఒప్పుకోదు, దాన్ని ఒప్పించాలి. బయట ఎండలో నడవలేం కాబట్టి పొద్దున్నే షట్టర్లు తెరవకముందు మాస్కులు పెట్టుకుని మాల్‌లో తిరిగేవాళ్లం. రెండో రోజే ఆపా దారికి పేర్లు పెట్టేసింది. కింద బంగారు కొట్టు డబ్లిన్. ఎస్కలేటర్ ఎక్కగానే అత్తరు కొట్టు గాల్వే. చెప్పుల షాపు దగ్గర కిందికి చూస్తే కళ్లు తిరిగేవి, అది కొండచరియలు. చివర మందుల షాపు బెల్‌ఫాస్ట్. అక్కడ మేడ మీది అంతస్తు రెండు ముక్కలవుతుంది, మధ్యలో ఫౌంటెన్ మీదుగా అద్దాల వంతెన, అవతల ఫోన్ల షాపు దగ్గర స్కాట్లాండు. వంతెనే పడవ. తుడిచే మనిషికి కూడా ఈ ఆట తెలిసిపోయి, "ఇయ్యాల యాడి దాకా వొయిన్రమ్మా," అని అడిగేవాడు. వంతెన మధ్యలో ఆపా రెండు చేతులూ రెయిలింగు మీద వేసి, పడవ ఊగినట్టు అటూ ఇటూ ఊగేది. ఆమె బరువుకు వంతెన నిజంగానే కాస్త అదిరేది.

నా గొడవ అక్కడ మొదలైంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా ఊరి దగ్గర సముద్రపు కాలువలో పెళ్లికి వెళ్తున్న పడవ ఒరిగిపోయింది. నా పక్కన కూర్చున్న మా చిన్నత్త, కొత్త గాజుల చెయ్యి నా చేతిలో ఉండగానే, నీళ్లలోకి జారిపోయింది. నేను పట్టుకునే ఉన్నాననుకున్నాను. తీరా చూస్తే నా చేతిలో గాజుముక్క ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, కట్టుకున్న మనిషికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లలో దుబాయ్ వెళ్లిన ప్రతిసారీ అందరూ క్రీక్ కాలువలో అబ్రా అనే పడవెక్కి అవతలికి వెళ్తే నాకు తలనొప్పి వచ్చేది, లేదా పిల్లాడికి జ్వరం తగిలేది. ఈ వంతెన దగ్గర కూడా అంతే. "నువ్వు పో ఆపా, నేను కింద నుంచి వస్తా," అని ఎస్కలేటర్ దిగి, సూపర్ మార్కెట్ వెనక నుంచి చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కి స్కాట్లాండు చేరేదాన్ని. కొన్నాళ్లకు ఆపా ఊగడం మానేసింది. ఇంకొన్నాళ్లకు, "యల్లా, నడువ్ మే, ఈ పొద్దు పడవ లేదంట, కింద నుంచే పోదాం," అని నాతోపాటు దిగడం మొదలుపెట్టింది. మోకాలు ఎక్కువైందేమో అనుకున్నాను తప్ప ఇంకేమీ అనుకోలేదు.

ఆ మరుసటేడు ఆపా ఉద్యోగం మానేసింది. వీసా కాగితాలు సిద్ధం చేయమని మా పెద్దవాడికి పురమాయించింది. నేను ముసఫ్ఫాలో మందపాటి ఊలు గుడ్డ కొని మా ఇద్దరికీ కోట్లు కుట్టాను. కొలత చూడటానికి ఏసీ పదహారుకు తిప్పి, దుప్పట్లు కప్పుకున్న మనుషుల్లా వేసుకుని అద్దం ముందు నిలబడి, ఒకరినొకరు చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నాకు బెల్‌ఫాస్ట్ పడవ గుర్తొచ్చేది. ట్యాబ్‌లో దాని బొమ్మ చూశాను. మేడంత పడవ, కార్లు కూడా ఎక్కుతాయి, రెండు గంటల పైనే ప్రయాణం. అంత పెద్ద పడవకు ఏమవుతుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకున్న ప్రతిసారీ అరచేతిలో గాజుముక్క గుచ్చుకునేది.

ఆపాకు ఆ మాట ఒక్కటి చెబితే పోయేది. అది చెప్పాలంటే చిన్నత్త సంగతి చెప్పాలి, చెయ్యి వదిలేశానని చెప్పాలి. దానికి బదులు నేను చేసిన పని ఇది. రెన్యువల్‌కి ఇచ్చిన నా పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు, దాన్ని కుట్టుమిషను సొరుగులో బాబిన్ల కింద పెట్టి, ఇంకా రాలేదని చెప్పాను. వారం పోయాక కూడా రాలేదన్నాను. వీసా వేలిముద్రలకు పిలిచిన రోజు పొద్దున ఆపా ఫైలు పట్టుకుని వచ్చి, "ఒక్కసారి చదువు మే, అంతా మార్చి రాయించినా," అంటే, కళ్లద్దాలు కనబడటం లేదన్నాను. అవి నా తల మీదే ఉన్నాయి.

ఆపా ఒక్కతే వెళ్లొచ్చు. మా ఆయనా అదే అన్నాడు. ఆపా మాత్రం, "అది లేకుండా ఆడ నాకేం పని? ఖలాస్, వచ్చే ఏడు పోదాంలే. ఆకులు యాడికి పోతాయి, మళ్లా రాలతాయి," అని ఫైలు చంకలో పెట్టుకుని తన భాగంలోకి వెళ్లిపోయింది. నాకు ఆ రోజు కలిగింది సంతోషం. ఇన్నాళ్ల తర్వాత కూడా ఈ మాట రాయడానికి చెయ్యి ఆగుతోంది. గండం గడిచిందని బిర్యానీ వండాను.

ఆ మరుసటి ఏడు ఆకులు రాలాయి, చూడటానికి ఆపా లేదు. కడుపులో ఏదో అన్నారు, తెలిసేసరికే ముదిరిపోయింది, రెండు నెలలు కూడా పట్టలేదు. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. నాకంటే ముందు ఆమె, "పాస్‌పోర్టు వచ్చిందా మే?" అని అడిగింది. వచ్చింది ఆపా, అన్నాను. "మంచిది," అని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత చెప్పడానికి నాకు చోటు దొరకలేదు. బనియాస్ ఖబరస్తాన్‌లో ఆమెను మట్టి చేసి వచ్చాక, ఆమె గది ఖాళీ చేస్తూ మావాళ్లు ఆ ఫైలూ, నోటుబుక్కూ తెచ్చి ఇస్తే, తెరవకుండానే కోట్లతోపాటు సూట్‌కేసులో పెట్టి మంచం కిందికి తోసేశాను.

మూడు నెలలు మాల్ ముఖం చూడలేదు. మళ్లీ వెళ్లిన మొదటిరోజే గాల్వే దాటుతుంటే నా ఎడమ పక్కన చెప్పుల చప్పుడు వినిపించింది. ఆపా ఎడమ కాలు కాస్త ఈడ్చేది, ఆ ఈడ్పుతో సహా. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మనసు చేసే మాయ అని నాకు తెలుసు, అయినా అప్పట్నుంచి పక్కన ఒక మనిషి నడిచేంత చోటు వదిలే నడుస్తాను. ఒకరోజు తుడిచే మనిషి తటపటాయిస్తూ, "పొద్దుగాల పెద్దమ్మ చెప్పుల సప్పుడు ఇనవడ్డట్టయ్యిందమ్మా, నా బ్రమనేమో," అన్నాడు. నాకు రోజూ వినిపిస్తుందని అతనికి చెప్పలేదు. ఇన్ని నెలల్లో ఒక్కనాడు కూడా ఆ చప్పుడు బెల్‌ఫాస్ట్ దాటి రాలేదు. మందుల షాపు దగ్గర ఆగిపోతుంది. నేను ఒక్కదాన్నే కింద నుంచి చుట్టి వెళ్తాను.

ఇవాళ ఎండిపోయిన ఫౌంటెన్ చూసి ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా సూట్‌కేసు బయటికి లాగాను. కలరా ఉండల వాసన కింద ఫైలు అలాగే ఉంది. టైపింగ్ సెంటర్‌లో కొట్టించిన కాగితాలు, ఒక్కో రోజుకు ఒక్కో వరస. కళ్లద్దాలు పెట్టుకుని పదో రోజు చదివాను. బెల్‌ఫాస్ట్ నుంచి ఎడిన్‌బరో, విమానం, గంటలోపే. తప్పు చదివానేమోనని నోటుబుక్కు తీశాను. అందులో పడవ అన్న మాట మీద అడ్డంగా గీత, పక్కన పెన్సిల్‌తో మా పెద్దవాడికి రాసిన రెండు ముక్కలు: "పడవ తీసెయ్ బేటా. మీ అమ్మకు నీళ్లంటే భయం. నేను చెప్పినట్టు చెప్పొద్దు, అడగొద్దు." కాగితాల మీద తేదీ చూశాను. నేను పాస్‌పోర్టు సొరుగులో పెట్టడానికి తొమ్మిది రోజుల ముందుది.

కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ సొరుగులో దారం కోసం, గుండీ కోసం ఆపా రోజుకు రెండుసార్లు చెయ్యి పెట్టేది. బాబిన్ల కింద ఏముందో ఆమెకు తెలుసా, తెలిసే ఆసుపత్రిలో అడిగిందా, ఇక నాకు చెప్పేవాళ్లు లేరు. పెద్దవాడికి ఫోన్ చేస్తే, పెద్దమ్మ వద్దన్నది కదా అమ్మా, అన్నాడు.

మధ్యాహ్నం మళ్లీ మాల్‌కు వెళ్లాను. మన కాలంలో ఎదుటి మనిషి భయాన్ని అడక్కుండానే కనిపెట్టి, వాళ్లకు తెలియకుండా దారి మార్చేవాళ్లు ఉండేవాళ్లు. ఉమ్మడి వంటింట్లో పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగితే వచ్చిన చదువు అది. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో వంటిల్లు ఉంది, ఎలా ఉన్నావని పొద్దునా సాయంత్రం ఫోన్‌లో అడుగుతారు, బాగున్నానంటే నమ్మేస్తారు. నేనూ ఆ కాలం మనిషినే, కానీ నాకు ఆ చదువు సగమే వచ్చింది. దాచడం వచ్చింది, కనిపెట్టడం రాలేదు.

మందుల షాపు దగ్గర చప్పుడు ఎప్పటిలాగే ఆగింది. నేను కిందికి దిగలేదు. రెయిలింగు పట్టుకుని వంతెన మీద మొదటి అడుగు వేశాను. కింద ఎండిన గచ్చు, పిల్లలు విసిరిన నాణేలు నాలుగు, నీళ్లు లేవు. భయపడటానికి ఏమీ మిగల్లేదు, అయినా రెయిలింగు వదల్లేదు. సగం దూరం వెళ్లాక రెయిలింగు మీద రెండు చేతులూ వేసి, ఆపా ఊగినట్టు ఒకసారి అటూ ఇటూ ఊగాను. నా బరువుకు వంతెన అదరలేదు. స్కాట్లాండు దగ్గర ఫోన్లు అమ్మే కుర్రాళ్లు ఏం కావాలని అడిగితే ఏమీ వద్దని చెప్పి, ఎడమ పక్కన మనిషికి చోటు వదిలి, వచ్చిన వంతెన మీదుగానే వెనక్కి నడిచాను.