తాండూరులో పట్టేసిన ఇంజను

1962 ఎండాకాలంలో నేను వికారాబాదు ప్రభుత్వ మోటారు వర్క్‌షాపులో చార్జ్‌మన్‌గా పనిచేస్తున్నాను. చార్జ్‌మన్ అంటే ఫిట్టర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద. పని చెడితే రెండు వైపులా తిట్లు తినే హోదా అది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. దానికి తోడు, పదిహేనేళ్ల అనుభవం ఉంది కదా, నాకు తెలియని ఇంజను జబ్బు ఏముంటుందిలే అన్న పొగరు.

తాండూరు నుంచి ఖాజా మియా అనే లారీ యజమాని కబురు పంపాడు. గని నుంచి నాపబండలు తోలే ఒక్క లారీయే ఆయన ఆస్తి. నడిదారిలో ఇంజను పట్టేసింది, అంటే లోపల పిస్టన్లు గోడలకు అతుక్కుపోయి కదలడం మానేశాయి. ప్రైవేటు బండిని మా షెడ్డులోకి రానిచ్చేవారు కాదు. ఫోర్‌మన్ దగ్గర మూడు రోజుల సెలవు రాయించుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని రైలెక్కాను.

లారీని ఎడ్లతో లాగించి ఇంటి వాకిట్లో నిలబెట్టారు. హైదరాబాదు పాత సామాన్ల బజారులో కొన్న అదే రకం ఇంజను పక్కనే గోనెపట్టాల మీద ఉంది. మియా ఎదురొచ్చి, "సాబ్, గీ బండి లేకుంటే మా ఇల్లు నడ్వది. ఎట్లన్న జేసి లేపుండ్రి" అన్నాడు. నేను హ్యాండిల్ పెట్టి తిప్పి చూశాను. ఇసుమంత కూడా కదల్లేదు. దించేటప్పుడు ఒలకకూడదని ఇంజనులోని ఆయిల్ ముందే తీసేశారు. అది ఎంత ఉండిందని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

"ఆయిల్ లేక పట్టేసింది. డ్రైవర్ చూసుకోలేదు" అనేశాను.

డ్రైవర్ బీరప్ప అక్కడే ఉన్నాడు. పరిగి దగ్గరి ఊరివాడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి స్టీరింగు పట్టిన మొదటి మనిషి. ఎనిమిదేళ్లుగా ఆ లారీయే నడుపుతున్నాడు. "ఆయిల్ జూడకుంట ఒక్క దినం గూడ బండి తియ్యలే సార్" అన్నాడు. "పట్టించుకోని ప్రతి డ్రైవరూ ఇదే మాట అంటడు" అని కొట్టిపారేశాను. మియా అతని ముఖం చూడకుండానే, ఇక నా బండి ముట్టొద్దు అని చెప్పాడు. ఇంజను చంపాడన్న పేరు పడితే తాండూరులో మరో యజమాని లారీ ఇవ్వడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

బీరప్ప మాత్రం వెళ్లలేదు. "బండి నా చేతుల్ల ఆగింది. లేపేదాక ఉంట" అని చొక్కా విప్పి పక్కన పెట్టాడు.

మా షెడ్డులో ఇంజను ఎత్తడానికి చైన్ కప్పీ ఉండేది. ఇక్కడ అది లేదు. ఎలా ఎత్తాలా అని నేను తల పట్టుకుంటే, గనిలో బండలు తీసే కన్నడ కూలీలు ఆరుగురు వచ్చి నవ్వారు. లారీకి అటూ ఇటూ నాపబండలు పేర్చి రెండు దొంతరలు కట్టారు. వాటి మీద అడ్డంగా టేకు దూలం పెట్టి, దానికి గొలుసుతో ఇంజనును కట్టారు. గడ్డపారలతో దూలాన్ని ఒక పక్క రెండంగుళాలు లేపి ఒక బండ దూర్చడం, మళ్లీ ఇంకో పక్క లేపి ఇంకో బండ దూర్చడం. కన్నడంలో లెక్కపెట్టుకుంటూ, తొందర లేకుండా చేశారు. ఇంజను గాల్లోకి లేచాక లారీని వెనక్కి తోశాం. తర్వాత ఒక్కొక్క బండ తీస్తూ ఇంజనును నేల మీదికి దించారు. అబ్బ, ఏం పనితనం! నా పదిహేనేళ్ల గర్వం సగం అక్కడే దిగింది.

కొత్తగా తెచ్చిన ఇంజను అదే పద్ధతిలో ఎక్కింది. అయితే దాని నీటి పంపు పగిలి ఉంది. పాతదాని పంపు తీసి పెడదామని మూడో రోజు పొద్దున విప్పాను. లోపల చెయ్యి పెడితే గరుకుగా తగిలింది. అనుమానం వచ్చి పైమూత కూడా విప్పాను. సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారులన్నీ తెల్లటి సున్నపు పొరతో గట్టిపడి పూడుకుపోయాయి. ఉలి పెట్టి కొడితే పెచ్చులుగా రాలింది. నీళ్లు తిరగక, వేడి పెరిగి పట్టేసింది.

"తీసిన ఆయిల్ ఏది?" అని అప్పుడడిగాను. బీరప్ప మూతపెట్టి దాచిన డబ్బా తెచ్చాడు. కొలిచాను. ఉండాల్సినంతా ఉంది.

"బండిల ఏ నీళ్లు పోసెటోనివి?"

"గని గుంతలయి సార్. పోయినేడు మీరు గనికొచ్చినప్పుడు చెప్పిన్రు గద, వాగుల బురద నీళ్లు పొయ్యకుండ్రి, అడుగు కనబడే నీళ్లే పొయ్యుండ్రి అని. గని నీళ్లు అద్దమసొంటియి. దూరమైనా ఆడికే పోయి తెస్తి."

నేను చెప్పిన మాటే. పూర్తిగా మరిచిపోయాను. నాపరాయి కూడా సున్నపురాయే. అందులో ఊరిన నీళ్లు ఎంత తేటగా ఉంటే మాత్రమేం, సున్నం కంటికి కనబడదు. అది చెప్పాల్సింది నేను. చెప్పలేదు. సోమరి డ్రైవరైతే దగ్గరున్న వాగు నీళ్లు పోసుకుని బతికిపోయేవాడు. ఇతను నా మాట విన్నాడు.

మియాను పిలిచి, బండలవాళ్లందరూ వింటుండగా చెప్పాను: తప్పు నాది, బీరప్పది కాదు, అతన్ని పనిలోంచి తీస్తే అన్యాయం. మియా బీరప్ప భుజం మీద చెయ్యి వేసి, "మాఫ్ జెయ్యి బీరప్పా" అన్నాడు.

బీరప్ప నా మీద ఒక్క మాట తూలలేదు. "మరి ఏ నీళ్లు పొయ్యాలె సార్?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. ఆ మాట అనడం ఉద్యోగంలో అదే మొదటిసారి. నాలుగు చోట్ల నీళ్లు తెప్పించి, నాలుగు గిన్నెల్లో ఇగిరేదాకా కాచాం. వాగు నీళ్లను వడగట్టి కాస్తే అడుగున దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ నీళ్లే పోసి లారీ తీశాం.

తర్వాత రిటైరయ్యేదాకా, షెడ్డు రిపోర్టులో లోపానికి కారణం రాసే గడిని ఇంజను విప్పాకే, నడిపినవాణ్ణి అడిగాకే నింపాను. ఇంజను సంగతి మూడు రోజుల్లో తేలిపోయింది. ఆ మూడు రోజులూ తను బతికే ఊళ్లోనే తప్పు చేసినవాడిలా తిరిగిన మనిషికి నేను తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. మెకానిక్ నోటి మాటతో ఒకరి అన్నం పోతుందని షెడ్డులో నాకెవరూ నేర్పలేదు. నా కింద చేరిన ప్రతి ఫిట్టరుకూ మొదటి రోజు అదే చెప్పాను.