కామాక్షమ్మగారి సందులో కాఫీ

ఒక గ్లాసు కాఫీ కోసం నా ఉద్యోగాన్నీ, పాపం ఒక పెద్దాయన ప్రాణాన్నీ గండంలో పడేసిన కథ ఇది. మీరు నవ్వుకోవచ్చు. ఆ పూట నాకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి.

సాగర్ కాలవలు ఇంకా రాని రోజులు. వెల్దుర్తిలో మా మెట్టచేను వాన కోసం మొహం వాచి ఉండేది. మా నాన్న కాళ్లావేళ్లా పడితే నరసరావుపేటలో ఒక పత్తి షావుకారు నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఆయనకు కాఫీ అంటే ఒళ్లుమంట. కాఫీ తాగినట్టు తెలిస్తే ఆ పూటే ఎద్దుల దగ్గరికి పంపించేస్తానని మొదటిరోజే చెప్పాడు. నాకేమో గుంటూరులో చదివినన్నాళ్లూ అబ్బింది చదువు కాదు, కాఫీ. సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది.

నా అవస్థ చూడలేక తోటి గుమాస్తా కోటయ్య ఒక రహస్యం చెప్పాడు. రైలుకట్ట పక్క సందులో కామాక్షమ్మగారు ఇంట్లోనే కాఫీ కాచి పోస్తుందట.

"బోర్డుండదురా. అరుగు మీద బల్లలుంటయ్. ఎవరి కంటా పడకుండా అందరూ తలకాయలు దించుకుని తాగుతుంటారు. నువ్వూ దించుకుని కూర్చో, గ్లాసు అదే వస్తది."

మర్నాడు వెనక్కి చూసుకుంటూ ఆ సందులోకి దూరాను. అరుగు కనిపించింది. బల్లలు, దించిన తలకాయలు కూడా కనిపించాయి. ఇంకేం కావాలి, చెప్పండి? దగ్గుతున్న ఒక ముసలాయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఒకావిడ గ్లాసు అందించింది. అమృతమే. ఆత్రంగా తాగేసి, "పిన్నిగారూ, ఇంకో గ్లాసు, కాస్త చిక్కగా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పోసింది.

"పిల్లోడు ఏడ్చి ఏడ్చి నీరసపడ్డాడు" అని ముసలాయన నా వీపు నిమిరాడు.

కాఫీకి ఏడవడమేమిటి? అప్పుడు గుమ్మంలోంచి లోపలికి చూశాను. మూల ఒక దీపం, దాని చుట్టూ కొంగులు కప్పుకుని కుములుతున్న ఆడవాళ్లు. కామాక్షమ్మగారి ఇల్లు ఆ పక్కది. పొయ్యి వెలగని చావింటికి ఆవిడ కాచి తెచ్చిన కాఫీని నేను చిక్కగా పొయ్యమని అడిగాను.

పారిపోదామని లేవబోతుంటే సందు మొదట్లో మా షావుకారు కనిపించాడు. గ్లాసు దాచడానికి చోటు లేదు. వెనక్కి తిప్పబోతే కాఫీ పంచె మీద ఒలికింది. వెల్దుర్తి ఎద్దులు కళ్లముందు నిలబడ్డాయి.

ఆయన నా ముందు ఆగి కళ్లు తుడుచుకున్నాడు. "మా మామ పోయాడని తెలిసి నాకంటే ముందొచ్చావంట్రా" అన్నాడు. తనూ ఒక గ్లాసు అందుకున్నాడు. కష్టంలో తాగితే తప్పులేదట.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది, నాదే లెండి. ఆ సంబరంలో లేచి అందరికీ చేతులు జోడించి మహా మర్యాదగా అన్నాను.

"కాఫీ చానా బాగుందండి. వెళ్లొస్తా. రేపు మళ్లీ వస్తా."

చావింటి నుంచి చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోవాలి. మళ్లీ వస్తానంటే ఆ ఇంట్లో ఇంకొకరు పోవాలని కోరుకున్నట్టే. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. అరుగు మీద దించిన తలకాయలన్నీ ఒక్కసారే పైకి లేచాయి. నా పక్కనున్న ముసలాయన పోయినాయనకు స్వయానా తమ్ముడు. దగ్గు ఆపుకుని మా షావుకారు వైపు తిరిగాడు.

"ఏంది అల్లుడూ, మీవాడు రేపటికి నన్ను చూసుకున్నట్టున్నాడే. రోజూ వాడికి కొట్లోనే కాఫీ పోయించు. ఈ సందులోకి మాత్రం రానీమాక."

అలా ఉద్యోగమూ దక్కింది, కాఫీ కూడా దక్కింది. ఆ దీపం సాక్షిగా ఒట్టేసుకున్నాను, ఇకమీదట కాఫీ తాగిన చోట నోరు మెదపకూడదని. కాఫీ ఎలా ఉందో ఒక్కమాటైనా చెప్పరేమని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ అడుగుతూనే ఉంది. ఆవిడ నిండు నూరేళ్లు బతకాలనే చెప్పడం లేదు.